పూరించిన అక్షరం ఎవరిది?

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పరిష్కరించి పంపిన శతకం రెండుసార్లు చదివాను. మూడు తాళపత్ర ప్రతులను ఎదురెదురుగా పెట్టుకుని పాఠం తేల్చిన ఓపిక ప్రతి పద్యంలోనూ కనిపించింది. ఉత్తరం చివర నువ్వడిగిన ప్రశ్న దగ్గరే ఆగిపోయాను. ఈ పాఠానికి ‘సర్వహక్కులు పరిష్కర్తవి’ అని వేసుకోవచ్చా అన్నావు.

మృత సముద్రపు చర్మపత్రాల సంగతి చెబుతాను, అవి సుమారు రెండువేల ఏళ్ల నాటి యూదుల రాతప్రతులు. ఆ సముద్రం దగ్గరి కుమ్రాన్ గుహల్లో దొరికిన ఒక హీబ్రూ రచన ఆరు ప్రతుల తాలూకు అరవై డెబ్భై తునకలుగా మిగిలింది. ఎలీషా కిమ్రాన్ అనే పండితుడు పదకొండేళ్లు శ్రమించి వాటిని 121 పంక్తులుగా కూర్చాడు. అందులో దాదాపు 40 శాతం తునకల్లో లేదు, ఆయన పూరించిందే. 1991లో హెర్షెల్ షాంక్స్ అనే అమెరికా పత్రికా సంపాదకుడు ఆ పాఠాన్ని కిమ్రాన్ పేరు చెప్పకుండా అమెరికాలో అచ్చువేశాడు. కిమ్రాన్ కోర్టుకెక్కాడు. 1993లో జెరూసలేం జిల్లా కోర్టు, 2000లో ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు హక్కు కిమ్రాన్‌దేనన్నాయి. లక్ష షెకెళ్ల పరిహారం ఇప్పించారు.

పేరు చెప్పకపోవడం ముమ్మాటికీ తప్పు. అయినా ఆ తీర్పు నాకు మింగుడుపడదు. పూరణ సరైనదైతే ఆ మాటలు రెండువేల ఏళ్ల నాటి రచయితవి. కిమ్రాన్ సొంత మాటలే అయితే పూరణ తప్పినట్టే. దాన్ని కాదనదలచిన పండితుడు ఆ పాఠాన్ని పక్కన పెట్టి చూపకుండా ఎలా కాదంటాడు? అసలే ఆ పత్రాలు దశాబ్దాలపాటు ఒక చిన్న బృందం చేతిలోనే ఉండిపోయాయి. 1991 సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని హంటింగ్టన్ లైబ్రరీ తన దగ్గరున్న ఆ పత్రాల ఫోటో ఫిల్ములను అందరికీ తెరిచేదాకా బయటి పరిశోధకులు ఎదురుచూస్తూనే ఉన్నారు.

మన చట్టంలో రచయిత మరణం తర్వాత హక్కు 60 ఏళ్లు. నీ శతక కవి పోయి మూడు వందల ఏళ్లు దాటింది. పీఠిక, టీక, తాత్పర్యం నీవి, వాటికి హక్కు నిస్సంకోచంగా రాసుకో. పద్యాన్ని మాత్రం వదిలెయ్యి.

ఇంకొక మాట. నా మొదటి వ్యాసంలో ఒక పద్యపాదాన్ని కవి ప్రతిభకు నిదర్శనమని ఎత్తి చూపాను. ఏళ్ల తర్వాత మూలం చూస్తే అక్కడ ఆకు చిరిగిపోయి ఉంది. పరిష్కర్త పూరించాడు, గుర్తు పెట్టలేదు. నేను అచ్చులో మెచ్చుకున్నది కవిని కాదు.

నీ 47వ పద్యం మూడో పాదంలోనూ ఐదక్షరాలు నీవే అనిపిస్తోంది. గణం, యతి చక్కగా కుదిరాయి. కుండలీకరణం పెట్టి, కింద ‘గ్రంథపాతం’ అని, అంటే మూలంలో ఆ భాగం పోయిందని, రాయి. ఆ ఆకు ఫోటో కూడా పంపు. పురుగు తిన్న చోట మిగిలిన గీత కొమ్ముదో వట్రసుడిదో నేనూ చూస్తాను.