చంక కర్రతో నడిచే అమ్మాయి కెమిస్ట్రీ చదవొచ్చా?

ప్రమాదంలో కాలు దెబ్బతిని చంక కర్రతో నడుస్తున్న మీ అమ్మాయి ఇంటర్ బైపీసీ అయ్యాక బీఎస్సీ కెమిస్ట్రీ చేస్తానంటోందని, ల్యాబ్‌లో గంటల తరబడి నిలబడాలి కదా, కంప్యూటర్స్‌లో చేర్పించండని విజయవాడలో మీ చుట్టాలంతా పోరుతున్నారని అడిగారు. నేను పోలియో కాలికి క్యాలిపర్ (కాలిని నిటారుగా నిలిపే ఊత పట్టీలు) వేసుకుని గుంటూరులో ఒక మిర్చి టెస్టింగ్ ల్యాబ్‌లో పద్దెనిమిదేళ్లుగా కెమిస్టుగా చేస్తున్నాను. చేర్పించండి. కాకపోతే ముందు ఆ కాలేజీ ల్యాబ్‌ని మీరే ఒకసారి చూసి రండి.

నా బీఎస్సీలో ల్యాబ్ రెండో అంతస్తులో ఉండేది, లిఫ్ట్ లేదు. మెట్లకంటే నన్ను ఎక్కువ ఏడిపించింది బల్ల. నిలబడేవాళ్ల ఎత్తుకి కట్టారు, కిందంతా అరలే. క్యాలిపర్ లాక్ వేస్తే కాలు చాపుకునే ఉండాలి, తీస్తే మోకాలు అర తలుపుకి కొట్టుకుంటుంది. స్టూలు మీద పక్కకి తిరిగి కూర్చుంటే, స్టాండుకి నిలువుగా బిగించే కొలత గీతల గాజు గొట్టం బ్యూరెట్ సున్నా గీత నా తలపైన ఎక్కడో ఉండేది. ద్రావణం మట్టాన్ని కంటికి సూటిగా చూడకపోతే రీడింగ్‌లో తేడా వస్తుంది. మొదటి నెలంతా నా టైట్రేషన్లన్నీ (బ్యూరెట్‌తో చుక్కచుక్కగా కలిపి ద్రావణం గాఢత తేల్చే ప్రయోగాలు) తప్పులే. "నిలబడలేనివాడివి ఈ గ్రూపు ఎందుకు తీసుకున్నావురా" అని లెక్చరర్ అందరి ముందూ అన్నాడు.

చివరికి ల్యాబ్ అటెండర్ బాబాయి ఆఫీసు గదిలో టీ గ్లాసులు పెట్టుకునే పొట్టి టేబుల్ తెచ్చి, స్టాండుని దానిమీద పెట్టాడు. అంతే, రీడింగులు కుదిరిపోయాయి. తమాషా ఏమిటంటే, అప్పటిదాకా స్టూలెక్కి బ్యూరెట్ నింపుకునే పొట్టి అమ్మాయిలు కూడా ఆ టేబుల్ కోసం నాతో పోటీకొచ్చారు. ఇచ్చిన లవణం ఏమిటో తేల్చే సాల్ట్ అనాలిసిస్‌కి రీఏజెంట్ల (పరీక్ష రసాయనాల) కోసం పదిసార్లు తిరగాలి. నేను ముందే చిన్న సీసాల్లో పోసుకుని ట్రేలో పెట్టుకునేవాణ్ణి.

కొన్ని పనులు ఇప్పటికీ చేయను. రెండున్నర లీటర్ల యాసిడ్ సీసా ముట్టుకోను. తోటి కెమిస్టు తెచ్చిపెడతాడు, బదులుగా అతని లెక్కలు, రిపోర్టులు నేను సరిచూస్తాను. కూర్చుని చేస్తే ఒలికింది ఒళ్లోనే పడుతుంది కాబట్టి మోకాళ్లు దాటే రబ్బరు ఏప్రాన్ మాత్రం తప్పదు, మీ అమ్మాయికి మొదటి రోజే కొనండి.

ఉద్యోగంలో నిలబడే పని మీరనుకున్నంత ఉండదు. మిర్చి రంగు తేల్చాలంటే పొడిని చిటికెడు తూచి, అసిటోన్‌లో వేసి 16 గంటలు చీకట్లో ఉంచుతాం. మర్నాడు ద్రావణం ఎంత కాంతిని పీల్చుకుంటుందో కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 460 నానోమీటర్ల కాంతి దగ్గర రీడింగ్ తీస్తాం. ఘాటుకైతే హెచ్‌పీఎల్‌సీ, అంటే శాంపిల్లోని పదార్థాలను విడదీసి కొలిచే మిషన్. శాంపిళ్లు వరసగా పెట్టేస్తే మిషనే ఒక్కొక్కటీ లాక్కుంటుంది. ఇక మిగతా రోజంతా స్క్రీన్ ముందే. మీ చుట్టాలు చెప్పే కంప్యూటర్ ఇక్కడా ఉంది!

సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం వాళ్లకి ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు, ప్రభుత్వ ఉద్యోగాల్లో కనీసం 4 శాతం పోస్టులు ఉంటాయి. ప్రైవేటు ల్యాబుల్లో ఆ కోటా లేదు. నన్ను రెండు కంపెనీలు నడక చూసే పంపేశాయి. మూడోచోట "ఒక శాంపిల్ ఇవ్వండి, చేసి చూపిస్తా" అన్నాను. మచిలీపట్నం వైపు సీతారామపురంలో పుట్టిన శ్రీకాంత్ బొల్లా చూపు లేదని ఇంటర్లో సైన్స్ ఇవ్వనంటే కోర్టుకెళ్లి సాధించుకున్నాడు, 98 శాతం తెచ్చుకుని ఎంఐటీకి వెళ్లాడు. అంత పోరాడే ఓపిక నాకు లేదు, నాకు టీ టేబుల్ దొరికింది.

ప్రాక్టికల్స్ జరిగే రోజే కాలేజీకి వెళ్లండి. బల్ల దగ్గర మీ అమ్మాయిని కూర్చోబెట్టి చూడండి. ఏం కావాలో ప్రిన్సిపాల్‌కి కాగితం మీద రాసివ్వండి, నోటిమాట సెమిస్టర్ మారేసరికి మర్చిపోతారు. ల్యాబ్ ఉన్న అంతస్తులోనే బాత్రూమ్ ఉందో లేదో కూడా చూడండి. మాకు అది కింద ఉండేది. ప్రాక్టికల్స్ ఉన్న రోజు నేను పొద్దున్నుంచి మంచినీళ్లు తాగేవాణ్ణి కాదు.