దాసుడా, సేవకుడా, బానిసా?

ప్రశ్న: మాస్టారూ, నమస్తే. మా ఇంట్లో ఆదివారం సాయంత్రం కుటుంబ ప్రార్థన ఉంటుంది. మా మామగారు పాత బైబిలు తప్ప ఇంకోటి ముట్టుకోరు. మా అబ్బాయి డిగ్రీ రెండో ఏడు, ఫోన్లో కొత్త అనువాదం చదువుతాడు. పోయిన నెల ఎఫెసీ పత్రిక ఆరో అధ్యాయం చదివాం. మామగారి బైబిల్లో ‘దాసులారా’ అని ఉంది. వాడి ఫోన్లో ‘బానిసలారా’ అని ఉంది. ‘రాజకీయాలు చొప్పించి వాక్యాన్నే మార్చేశారు’ అన్నారు మామగారు. ‘రాజకీయం పాతదాంట్లోనే ఉంది తాతయ్యా, బానిస అనాల్సిన చోట మెత్తగా దాసుడన్నారు’ అన్నాడు వాడు. పైగా అమెరికాలో తమ పార్టీ భావాలకు తగ్గట్టు బైబిలు తిరగరాస్తున్నారని ఏదో చూపించాడు. అప్పట్నుంచి తాతా మనవళ్లకి మాటల్లేవు. ఎవరిది సరైన మాట? అసలు ఏ అనువాదాన్ని నమ్మాలి?
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: అమ్మా, ముందు ఆ మాట సంగతి చూద్దాం. గ్రీకు మూలంలో ఉన్నది ‘దూలోస్’. సంతలో కొనుక్కున్న మనిషి, మళ్లీ అమ్ముకోదగిన మనిషి. జీతానికి కుదిరినవాడు కాడు. ఆ లెక్కన మీ అబ్బాయి ఫోన్లో ఉన్న మాటే మూలానికి దగ్గర. అలాగని మామగారి బైబిల్లో మాట తప్పు కాదు. సంస్కృతంలో దాసుడంటే బానిసే. చిక్కంతా తెలుగులోకి వచ్చాక వచ్చింది. మనకు దాసుడంటే భద్రాచలం రామదాసు, సంక్రాంతి నెలలో గుమ్మం ముందు నిలబడే హరిదాసు. భక్తి ఆ మాటని వందల ఏళ్లు నానబెట్టింది. ‘దాసులారా’ అనగానే మనకి తంబురా కనబడుతుంది, సంకెల కనబడదు. కుట్ర చేయాలని అనువాదకుడికి లేకపోయినా, ఆ మాట ఇక్కడ యజమానులకు బాగా పనికొచ్చింది.

ఎలా పనికొచ్చిందో మా నాయనమ్మ చెప్పేది. మా తాత చేబ్రోలు దగ్గర పల్లెలో పాలేరు. అక్షరం ముక్క రాదు. వాళ్ల పేటకి నెలకోసారి వచ్చే బోధకుడు, ఆసామి వచ్చి కుర్చీలో కూర్చున్న రోజున మాత్రం తప్పకుండా ఈ వాక్యమే తీసేవాడట: ‘దాసులారా... మీ యజమానులైనవారికి విధేయులై యుండుడి.’ అక్కడితో పుస్తకం మూసేసేవాడట. ఒక రాత్రి తాత, మూడో తరగతి చదివే మా నాన్నని లాంతరు దగ్గర కూర్చోబెట్టి ‘ఆ కిందేముందో చదవరా’ అన్నాడు. నాలుగు వచనాలు దాటాక వచ్చింది, తొమ్మిదో వచనం: ‘యజమానులారా... వారిని బెదరించుట మాని...’ తాత దాన్ని మూడుసార్లు చదివించుకున్నాడట. ఆ ఏడాది పంట ఇంటికి చేరాక ఆ ఆసామి దగ్గర మానేశాడు.

ఇది ఎందుకు చెప్పానంటే, నేను ఎటు నిలబడి మాట్లాడుతున్నానో మీకు తెలియాలి. పాలేరు మనవణ్ణి. ‘బానిస’ అన్న మాట కాగితం మీద పడాలనే నా ప్రాణం కొట్టుకుంటుంది. అందుకే నన్ను నేనే నిలదీసుకోవాల్సిన చోటు ఒకటుంది. రోమా పత్రిక మొదటి వాక్యంలో పౌలు తనని తాను ‘యేసుక్రీస్తు దాసుడు’ అని చెప్పుకున్నాడు. అక్కడా అదే ‘దూలోస్’. ఎఫెసీలో బానిస అని పెట్టినవాడు రోమాలోనూ ‘క్రీస్తు బానిస’ అనగలడా? అనడానికి నా నోరే రాదు. ఎఫెసీలో బానిస అనీ, రోమాలో సేవకుడు అనీ అంటే, నాక్కావలసిన చోట ఒక తూకం, అక్కర్లేని చోట ఇంకో తూకం వేసినట్టే. మీ అబ్బాయిని ఫోన్లో రోమా 1:1 తీసి చూడమనండి. అక్కడ వాడి అనువాదం ఏమన్నదో వాణ్ణే మామగారికి చెప్పమనండి.

ఇంకా లోతైన చోటు మొదటి కొరింథీ 7:21. బానిసగా ఉండగా నీకు పిలుపు వచ్చిందా, చింతపడకు, కాని స్వతంత్రుడివి కాగలిగితే... అంటూ పౌలు రెండే రెండు మాటలతో ముగిస్తాడు: ‘మాల్లోన్ క్రేసాయ్’. ‘మరింతగా వాడుకో’ అని. దేన్ని వాడుకోవాలో చెప్పలేదు! స్వేచ్ఛ దొరికితే దాన్ని వాడుకోమన్నాడా? స్వేచ్ఛ దొరికినా సరే, ఇప్పుడున్న బానిసత్వాన్నే దేవుడి పనికి వాడుకోమన్నాడా? తొలి శతాబ్దాల నుంచీ రెండు అర్థాలూ చెప్పినవాళ్లున్నారు. ఇంగ్లీషు అనువాదాలు కూడా చెరో దారి పట్టాయి. అనువాదకుడి మనసు ఎటు మొగ్గిందో ఈ ఖాళీలో బయటపడుతుంది. మామగారి పాత తెలుగు బైబిలు ఇక్కడ ఏమంటుందో తెలుసా? ‘స్వతంత్రుడవగుట మరి మంచిది.’ మెత్తని మాట పెట్టిందని మీ అబ్బాయి తప్పుపట్టిన ఆ బైబిలే ఇక్కడ విడుదల పక్షాన నిలబడింది. ఈ వచనం వాడికి తప్పకుండా చూపించండి.

రాజ్యం కలగజేసుకున్న కథలు వేరు. ఇంగ్లండులో 1604లో జేమ్స్ రాజు కొత్త అనువాదానికి పురమాయించాడు. అప్పట్లో జనం చేతుల్లో ఉన్న జెనీవా బైబిలు మార్జిన్లలో వ్యాఖ్యలుండేవి. ఫరో మాట ధిక్కరించి పిల్లల్ని బతికించిన మంత్రసానుల కథ దగ్గర, ఆ ధిక్కారం న్యాయమే అని ఒక వ్యాఖ్య ఉంది. రాజు మాట కాదనడం న్యాయమా అని ఆయనకి మండింది. కొత్తదాంట్లో అలాంటి వ్యాఖ్యలు ఉండకూడదన్నారు. ‘చర్చి’ అన్న మాటని ‘సమాజం’ అని మార్చకూడదని కూడా నియమం పెట్టారు. ఎందుకంటే అంతకు ముందే బైబిల్ని ఇంగ్లీషులోకి అనువదించిన టిండేల్ అనే ఆయన ‘ఎక్లేసియా’ అన్న గ్రీకు మాటకి కూడుకున్న జనం అనే అర్థం వచ్చే మాట వేశాడు. చర్చి అంటే బిషప్పులూ అధికారమూ అయితే, కూడుకున్న జనానికి బిషప్పుతో పనేముంది? టిండేల్‌ని మతద్రోహి అని 1536లో గొంతు నులిమి, కాల్చేశారు. రాజుగారి బైబిలు 1611లో అచ్చయింది. అమ్మా, మన తెలుగు బైబిల్లో ఆ గ్రీకు మాటకి ఏమున్నదో గుర్తు తెచ్చుకోండి: ‘సంఘము’. రిక్షా కార్మికులకూ సంఘమే, పౌలు ఉత్తరాలు అందుకున్నవాళ్లకూ సంఘమే. అక్కడ పండితులు కత్తులు నూరుకున్న మాటని, మనవాళ్లు ఏ గొడవా లేకుండా టిండేల్ వైపే నిలబెట్టారు.

అంతకంటే ఘోరం 1807 నాటిది. వెస్టిండీస్ తోటల్లో పనిచేసే నల్లజాతి బానిసల కోసమని లండన్లో ఒక బైబిలు వేశారు. ఇశ్రాయేలీయులు ఐగుప్తు దాస్యం నుంచి బయటపడిన కథని తీసేశారు. దాసుడని స్వతంత్రుడని తేడా లేదన్న గలతీ 3:28 తీసేశారు. విధేయులై ఉండమన్న వాక్యం మాత్రం ఉంచారు. అక్కడ ఒక్క మాట కూడా తప్పుగా అనువదించలేదు! కత్తెర వేశారంతే. చేబ్రోలు దగ్గర పుస్తకం మూసేసిన ఆ బోధకుడూ అంతే చేశాడు. జర్మనీలో 1940లో, నాజీల రోజుల్లో, యేసు యూదుడన్న ఆనవాలు వీలైనంత చెరిపేసిన కొత్త నిబంధనని చర్చి పండితులే తయారుచేశారు. చదువుకున్నవాళ్లు, గ్రీకు క్షుణ్ణంగా వచ్చినవాళ్లు. నాకు ఇన్నింటిలోకీ ఎక్కువ భయం పుట్టించేది అదే.

మీ అబ్బాయి చూపించిన అమెరికా సంగతి 2009లో మొదలైంది. కన్జర్వపీడియా అనే ఇంటర్నెట్ విజ్ఞానసర్వస్వం వాళ్లు, ఇప్పుడున్న అనువాదాల్లో ఉదారవాద వాసన ఉందని, తామే సరిచేస్తామని బయల్దేరారు. యేసు చెప్పిన ఉపమానాల్లో స్వేచ్ఛా మార్కెట్టు అర్థం స్పష్టంగా పలకాలన్నారు. ‘తండ్రీ, వీరేమి చేయుచున్నారో వీరెరుగరు గనుక వీరిని క్షమించుము’ అన్న లూకా 23:34ని సందేహించారు. న్యాయంగా చెప్పాలంటే ఆ సందేహం వాళ్లు పుట్టించింది కాదు. చాలా పాత రాతప్రతులు కొన్నింటిలో ఆ మాట లేదు, పండితులు ఎప్పటినుంచో చర్చిస్తున్నదే. నేను తప్పుపట్టేది వరసని. ఏ భావం రావాలో ముందే రాసిపెట్టుకుని, తర్వాత మూలం దగ్గరికి వెళ్లారు.

ఏది నమ్మాలన్నారు. ఏ పక్షమూ లేని అనువాదకుణ్ణి నేనింతవరకూ చూడలేదు. నేను చూసేది ఒక్కటే: తన పక్షానికి గుచ్చుకునే వాక్యం వచ్చినప్పుడు ఏం చేశాడు? గుచ్చుకోనిచ్చాడా, ముల్లు తీసేశాడా? విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు తిరగేసేటప్పుడు కూడా ముందు ఆ పేజీలే తీసి చూస్తాను.

వచ్చే ఆదివారం ఇంట్లో ఫిలేమోను పత్రిక చదవండి. ఒక్కటే అధ్యాయం. పారిపోయిన ఒనేసిముని పౌలు తిరిగి యజమాని దగ్గరికి పంపుతూ, వీణ్ణి ఇక దాసుడుగా కాదు, ప్రియ సహోదరుడుగా చేర్చుకో అంటాడు. పదహారో వచనం. అక్కడ ‘సేవకుడు’ అని పెట్టి ఒకసారి చదవండి, ‘బానిస’ అని పెట్టి ఒకసారి చదవండి. సేవకుణ్ణి తమ్ముడనడం మర్యాద. కొన్న మనిషిని తమ్ముడనడం ఆ ఇంటి లెక్కలన్నీ తలకిందులు చేయడం. బానిస అన్న మాట మెత్తబడితే ఎఫెసీలో యజమానికి లాభం, ఇక్కడ పౌలుకి నష్టం. మామగారిని గట్టిగా చదవమనండి, అబ్బాయిని మాటలు మార్చి చెప్పమనండి.

ప్రశ్న: అయ్యా, మా స్త్రీల సంఘం తరఫున వీరేశలింగంగారి మీద కరపత్రం వేస్తున్నాం. పరాశర స్మృతిలోని ‘నష్టే మృతే’ శ్లోకం పెట్టాం. అది పెళ్లయిన స్త్రీ గురించి కాదని, నిశ్చితార్థం జరిగిన పిల్ల గురించని ఒక పండితుడు అంటున్నారు. ఆ తర్వాతి రెండు శ్లోకాలు మనకి వ్యతిరేకం, వేయొద్దని మాలోనే కొందరంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ‘నష్టే మృతే ప్రవ్రజితే క్లీబే చ పతితే పతౌ, పంచస్వాపత్సు నారీణాం పతిరన్యో విధీయతే.’ భర్త జాడ తెలియకపోయినా, పోయినా, సన్యసించినా, నపుంసకుడైనా, పతితుడైనా, ఈ ఐదు ఆపదల్లో స్త్రీకి వేరే భర్త విహితం.

ఆ పండితుడి వాదం కొత్తది కాదు, గాలిమాటా కాదు. పాణిని లెక్కన విడిగా ఉన్న ‘పతి’ శబ్దానికి సప్తమిలో ‘పత్యౌ’ రావాలి. శ్లోకంలో ‘పతౌ’ అని ఉంది. కాబట్టి ‘పతితేఽపతౌ’ అని అవగ్రహం, అంటే లోపించిన ‘అ’కారానికి గుర్తైన ‘ఽ’, పెట్టి విడదీయాలంటారు. అపతి, అంటే ఇంకా పూర్తిగా భర్త కానివాడు. చెవికి రెండూ ఒక్కలాగే వినిపిస్తాయి. ఆ చిన్న గీత ఉందా లేదా అన్నదాని మీద లక్షలమంది ఆడపిల్లల బతుకులు వేలాడాయి. వ్యాకరణం ఆయన పక్షాన ఉందని ఒప్పుకోవాలి. కాని స్మృతుల్లో ఇలాంటి ఆర్షప్రయోగాలు, అంటే వ్యాకరణానికి లొంగని ఋషుల వాడుకలు, ఉన్నాయి. పైగా ఇదే శ్లోకం నారద స్మృతిలోనూ ఉంది. అక్కడ వెంటనే, దూరదేశం పోయిన భర్త కోసం బ్రాహ్మణ స్త్రీ ఎనిమిదేళ్లు ఆగాలి, సంతానం లేకపోతే నాలుగేళ్లు అని వస్తుంది. నిశ్చితార్థం మాత్రమే అయిన పిల్లకి సంతానం ప్రసక్తి ఎక్కడిది? ఈ ప్రశ్న ఆయన్ని మర్యాదగా అడగండి.

ఇక ఆ రెండు శ్లోకాలు. భర్త పోయాక బ్రహ్మచర్యంలో ఉన్న స్త్రీ స్వర్గానికి పోతుందని ఒకటి. సహగమనం చేసిన స్త్రీ, మనిషి ఒంటిమీది మూడున్నర కోట్ల రోమాలన్ని ఏళ్లు స్వర్గంలో ఉంటుందని రెండోది. చదువుతుంటే ఒళ్లు జలదరిస్తుంది, దాచేయాలనిపిస్తుంది. ఈశ్వరచంద్ర విద్యాసాగర్ 1855లో వితంతు వివాహం కోసం రాసినప్పుడు దాచలేదు. పరాశరుడు మూడు దారులు చెప్పాడని ఆయనే చెప్పి, సహగమనాన్ని ప్రభుత్వం 1829లోనే నిషేధించింది, మిగిలినవి రెండే అని వాదించాడు. మరుసటి ఏడే చట్టం వచ్చింది. రాజమండ్రిలో వీరేశలింగంగారు 1881 డిసెంబరు 11న మొదటి పెళ్లి జరిపించారు.

రెండు శ్లోకాలూ తాత్పర్యంతో సహా వేయండి. ‘పతితేఽపతౌ’ అన్న పాఠాన్ని కూడా అడుగున చూపించి, నారద స్మృతి మాట దాని పక్కనే పెట్టండి. ప్రూఫు నాకు పంపితే ఒత్తులూ దీర్ఘాలూ నేను చూసిపెడతాను.