ట్యాంకులో ఆయిల్ తగ్గిందని వెంటనే పోయకు

చిరంజీవి మేనల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

మూడు వారాల తర్వాత నీ పాత బ్రిటిష్ బైకు నార్టన్ కమాండో బయటికి తీస్తే ఆయిల్ ట్యాంకు సగం ఖాళీగా ఉందని, నేల మీద మాత్రం చుక్క కూడా లేదని కంగారుపడుతూ రాశావు. ఆయిల్ ఎక్కడికీ పోలేదు, ఇంజన్ అడుగునే ఉంది. ముందీ మాట విను. ఆ ట్యాంకులో కొత్త ఆయిల్ పోయకు.

డ్రై సంప్ ఇంజన్‌కి ఆయిల్ విడిగా ట్యాంకులో ఉంటుంది. పంపులో ఒక గేర్ల జత దాన్ని క్రాంక్‌కి, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసుకి, పంపుతుంది. అంతకంటే వెడల్పైన రెండో జత కిందకి చేరినదాన్ని లాగి మళ్లీ ట్యాంకులో పోస్తుంది. బండి ఆపాక పంపు తిరగదు కానీ, ట్యాంకు ఎత్తులో ఉంది కదా, గేర్ల పక్క సందుల్లోంచి ఆయిల్ మెల్లగా ఇంజన్ అడుగున క్రాంక్ ఉండే గదిలోకి, అంటే క్రాంక్‌కేస్‌లోకి, దిగుతుంది. వారాల మీద దిగితే పాత బండికి మామూలే. రాత్రికి రాత్రే దిగిపోతే మాత్రం పంపు సంగతి చూడాలి.

వయసులో ఉండగా నేనూ ఇలాగే లీటరు పోసి స్టార్ట్ చేశాను. కాసేపటికే ట్యాంకు పొంగి, ఆయిల్ వెనక టైరు మీదకి కారింది. చూసుకోకుండా రోడ్డెక్కి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. పైగా అడుగున ఆయిల్ నిండి ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే పొగ కమ్ముతుంది, ఒక్కోసారి సీల్ దాటి క్లచ్ వైపుకీ వెళ్తుంది.

అందుకని కింద డ్రెయిన్ బోల్టు విప్పి, శుభ్రమైన గిన్నెలో పట్టి కొలువు. ఎన్ని రోజులకి ఎంత దిగిందో రాసిపెట్టుకో. ఆయిల్ బాగుంటే వడగట్టి ట్యాంకులోనే పోసెయ్. స్టార్ట్ చేశాక ట్యాంకు మూత తీసి, ఆయిల్ తిరిగొచ్చి పడే రిటర్న్ పైపు చూడు. మొదట నిండుగా పడే ధార కాసేపటికి బుడగలతో తెగి తెగి పడుతుంది. అంటే అడుగు ఖాళీ అయినట్టు. లెవెల్ చూడాల్సింది అప్పుడే. అసలేమీ పడకపోతే వెంటనే ఆపెయ్.

ఆయిల్ దిగకుండా ట్యాంకు నుంచి పంపుకి వెళ్లే పైపు మధ్యలో ట్యాప్ పెట్టమని నీకు చాలామంది చెప్తారు. వద్దురా. నా స్నేహితుడొకడు దాన్ని తెరవడం మర్చిపోయి బయల్దేరాడు, దారిలోనే ఇంజన్ పట్టేసింది. విప్పి చూస్తే బిగ్ ఎండ్ షెల్స్, అంటే కనెక్టింగ్ రాడ్ క్రాంక్‌ని పట్టుకునే చోట ఉండే బేరింగ్ చిప్పలు, నల్లగా మాడి క్రాంక్‌కి అతుక్కుపోయి ఉన్నాయి. పెట్టి తీరాలనుకుంటే, ట్యాప్ మూసి ఉన్నంతసేపు ఇగ్నిషన్ రాకుండా స్విచ్చు ఉన్నదే పెట్టు.

అసలు మందు పంపు బాగుచేయడమే. అద్దం పలక మీద సన్న ఎమెరీ కాగితం పరిచి, గేర్ల పక్క సందు తగ్గేలా పంపు పక్క ప్లేటునీ బాడీ ముఖాన్నీ ఓపికగా, సమంగా రుద్దాలి. బిగించాక గేర్లు చేత్తో తిప్పితే కాస్త బిగువుగా, ఎక్కడా ఆగకుండా తిరగాలి.

ఇవాళే తొందరపడి పంపు విప్పకు. బండిని బాగా వేడెక్కేదాకా నడిపి ఆపి, వారం కదపకుండా ఉంచి, బోల్టు విప్పి ఎంత వచ్చిందో నాకు రాయి. విప్పాలో వద్దో అప్పుడు చెప్తాను.

మీ మావయ్య