మూడు నెలల ఆటకు ఏడేళ్ల కిస్తీలా?

ప్రశ్న: మాది తాడేపల్లిగూడెం. రైస్ మిల్లులో గుమాస్తాగా చేస్తున్నాను, జీతం 24 వేలు. మా అబ్బాయికి 20 ఏళ్లు, ఎత్తు ఆరడుగుల ఐదంగుళాలు. హైదరాబాద్‌లో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతూ బాస్కెట్‌బాల్ ఆడుతున్నాడు. ఈ మధ్య ఒక ప్రొఫెషనల్ లీగ్ జట్టు వాడిని రెండు సీజన్లకు తీసుకుంది. సీజన్‌కు 6 లక్షలు, జనవరి నుంచి ఏప్రిల్ లోపు మూడు విడతల్లో ఇస్తారు. ఏజెంటుకు 8 శాతం. అంటే నెలకు 50 వేలు వస్తున్నట్టే కదా అని 9 లక్షల లోన్‌తో కారు తీసుకుందామంటున్నాడు. కాంట్రాక్టు కాపీ ఇచ్చి, నేను కూడా సంతకం పెడితే లోన్ ఇప్పిస్తామని షోరూం వాళ్లు చెప్పారు. నా పేరు మీద 5 లక్షల పర్సనల్ లోన్ తీసుకుని ఊరి బయట వెంచర్‌లో ప్లాటు కొనాలని నా ఆలోచన. 15వ తేదీకి అడ్వాన్సు ఇవ్వాలి. షూస్, ఫోన్ కోసం వాడు ఇప్పటికే యాప్‌లో 40 వేలు అప్పు చేశాడు. డిగ్రీ ఆపేసి పూర్తిగా ఆట మీదే ఉండవచ్చా? అమెరికాలో 19 ఏళ్లకే కోట్లు సంపాదిస్తున్నారు కదా. మిగిలిన డబ్బు ఎందులో పెట్టాలి?

జవాబు: ముందుగా మీ అబ్బాయికి అభినందనలు. సిమెంటు కోర్టుల మీద పెరిగి ఆ స్థాయికి రావడం మాటలు కాదు. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. మీది ఎంచుకోవడానికి కారణం అందులోని ఒక్క మాట: ‘నెలకు 50 వేలు వస్తున్నట్టే కదా’. ఆటలోకి కొత్తగా వచ్చిన పిల్లల ఇళ్లలో అప్పులన్నీ ఈ లెక్కతోనే మొదలవుతున్నాయి. సీజన్ డబ్బును జీతం అనుకోవద్దని బతిమాలి చెబుతున్నాను.

లెక్క చూద్దాం. 6 లక్షల్లో 10 శాతం టీడీఎస్, అంటే డబ్బు ఇచ్చేవాళ్లు ముందే మినహాయించుకునే పన్ను, కింద 60 వేలు కట్ అవుతాయి. ఏజెంటుకు 48 వేలు. చేతికి వచ్చేది 4 లక్షల 92 వేలు. పన్నెండుతో భాగిస్తే నెలకు 41 వేలు. ఇప్పుడు మీరు అనుకుంటున్న అప్పులు చూడండి. 9 లక్షల కారు లోన్, తొమ్మిదిన్నర శాతం వడ్డీ, ఏడేళ్లు అంటే కిస్తీ దాదాపు 14,700. మీ పేరు మీద 5 లక్షలు, 14 శాతం వడ్డీ, ఐదేళ్లు అంటే మరో 11,600. రెండూ కలిపి 26,300. ఇక మిగిలేది 14,700. అందులోనే హాస్టల్, తిండి, ఫిజియో, మూడు నాలుగు నెలలకోసారి అడుగు అరిగిపోయే షూస్. పైగా కాంట్రాక్టు రెండు సీజన్లకే. కారు కిస్తీలు మాత్రం ఏడేళ్లు. మూడో ఏడాది నుంచి ఆ కిస్తీ ఎవరు కడతారో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. బ్యాంకుకు మాత్రం తెలుసు, అందుకే మీ సంతకం అడుగుతోంది.

యాప్ లోన్ గురించి విన్నప్పుడల్లా నాకు మనసు కుదురుగా ఉండదు. మీకు తెలిసిన వాళ్ల దగ్గర చేబదులు తీసుకునైనా సరే ఈ వారంలోనే దాన్ని తీర్చేయండి. బాకీ ఏమీ లేదని ఇచ్చే నో డ్యూస్ లెటర్ డౌన్‌లోడ్ చేసి దాచండి, ఫోన్‌లోంచి ఆ యాప్ తీసేయమనండి. 20 ఏళ్ల కుర్రాడికి షూస్ కోసం అప్పిచ్చే వాళ్లు రేపు లీగ్ డబ్బు వచ్చిందని తెలిస్తే లక్షల్లో ఆఫర్ పంపుతారు.

ఇక అసలు విషయం, అత్యవసర నిధి. ఉద్యోగస్తులకు ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకోమని చెబుతాం. ఆటగాడికి అది ఏ మూలకూ చాలదు. మీవాడి పరిస్థితే తీసుకోండి. చివరి విడత ఏప్రిల్‌లో పడుతుంది. అక్టోబర్‌లో ప్రాక్టీసులో రీబౌండ్, అంటే బుట్టలో పడక వెనక్కి వచ్చిన బంతి, కోసం ఎగిరి, దిగేటప్పుడు ఇంకొకరి పాదం మీద కాలు పడి మోకాలి లిగమెంట్, అదే ఏసీఎల్, తెగిందనుకుందాం. బాస్కెట్‌బాల్‌లో ఇది అరుదైన సంగతేమీ కాదు. ఆపరేషన్ తర్వాత మళ్లీ పోటీల్లో దిగడానికి తొమ్మిది నెలలైనా పడుతుంది. జనవరి సీజన్ పోతుంది. జట్టు ఇంకా ఉంచుకుంటే ఆ తర్వాతి జనవరిలో ఆడతాడు, డబ్బు ఫిబ్రవరిలో వస్తుంది. ఈ ఏప్రిల్ నుంచి ఆ ఫిబ్రవరి వరకూ ఎన్ని నెలలో వేళ్ల మీద లెక్కపెట్టండి. 22. ఒక్క గాయానికి 22 నెలలు రాబడి ఉండదు.

నెలకు 18 వేల ఖర్చు వేసుకున్నా దాదాపు 4 లక్షలు. అంటే మొదటి సీజన్‌లో చేతికి వచ్చేదాంట్లో ఎక్కువ భాగం ఈ నిధికే పోవాలి. మీ అబ్బాయికి ఇది రుచించదని తెలుసు. 20 ఏళ్ల వయసులో మొదటిసారి లక్షలు చూసిన వాడిని వాటిని ముట్టుకోవద్దంటే కష్టంగానే ఉంటుంది. అందుకే మాటలతో సరిపెట్టకుండా ఒక ఏర్పాటు చేయండి. జట్టు నుంచి డబ్బు పడే ఖాతాకు ఫోన్‌పే, గూగుల్‌పే ఏవీ లింక్ చేయకూడదు, డెబిట్ కార్డు మీ ఆవిడ దగ్గర ఉండాలి. వాడు రోజూ వాడుకునే ఖాతా వేరేగా పెట్టి, నెల మొదటి తేదీన 18 వేలు దాంట్లోకి దానంతటదే వెళ్లేలా బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇవ్వండి. నెలనెలా జీతం వచ్చినట్టు ఉంటుంది, ఖర్చూ ఆ కొలతకు అలవాటు పడుతుంది. నిధిలో సగం స్వీప్ ఎఫ్‌డీలో (సేవింగ్స్ ఖాతాకు జోడించిన ఎఫ్‌డీ), సగం లిక్విడ్ ఫండ్‌లో (త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్) ఉంచితే చాలు. వడ్డీ అర శాతం ఎక్కడ ఎక్కువ వస్తుందని వెతకవద్దు. అడిగిన రోజున చేతికి రావడమే ముఖ్యం.

ఈ డబ్బు మీవాడిది, వాడి మోకాలి కోసం దాచింది. మేనత్త కొడుకు వ్యాపారానికి, చెల్లెలి ఓణీల ఫంక్షన్‌కు ఇందులోంచి తీయకూడదు. బంధువులు అడుగుతారు. పేపర్లో ఫొటో పడిందంటే చాలు, అడిగేవాళ్ల వరస మొదలవుతుంది. కాదని చెప్పే బాధ్యత పిల్లవాడి మీద వేయకండి, ఆ మాట మీరే చెప్పండి.

బీమా గురించి మీరు ఒక్క ముక్క కూడా అడగలేదు. నాకు ఎక్కువ టెన్షన్ దాని గురించే. నాలుగేళ్ల క్రితం ఒక కబడ్డీ కుర్రాడు నన్ను కలవడానికి వచ్చాడు. 22 ఏళ్లుంటాయి. ఎడమ మోకాలికి నల్లటి బ్రేస్, చంకలో కర్ర. మా ఆఫీసు రెండో అంతస్తు, మెట్లు ఎక్కలేక కింద టీ కొట్టు బెంచీ మీదే కూర్చుంటే నేనే దిగి వెళ్లాను. పక్కన ప్లాస్టిక్ సంచీ. అందులో ఎమ్మారై ఫిల్ములు, క్లెయిం ఇవ్వలేమన్న లెటరు, బైకు ఫైనాన్స్ వాళ్ల నోటీసు. పాలసీ ప్రపోజల్ ఫారం జిరాక్సు తీసి చూశాను. వృత్తి అన్న గడిలో ‘విద్యార్థి’ అని ఉంది. రాసింది ఏజెంటు, కింద సంతకం ఈ అబ్బాయిది. ‘సార్, అలా రాస్తే ప్రీమియం తగ్గుతుందన్నాడు’ అన్నాడు. తగ్గింది ఏడాదికి కొన్ని వందలు. ఆపరేషన్‌కు వాళ్ల నాన్న అరెకరం అమ్మారు.

మీ ఇంట్లో ఆ పరిస్థితి రాకూడదు. జట్టు ఇచ్చే గ్రూప్ బీమా మీద ఆధారపడకండి. అది ఎప్పటివరకు ఉంటుందో, సీజన్ లేనప్పుడు ప్రాక్టీసులో తగిలిన దెబ్బకు వర్తిస్తుందో లేదో పాలసీ కాపీ అడిగి చదవండి. చాలావాటికి సీజన్‌తోనే గడువు తీరిపోతుంది. అబ్బాయి పేరు మీద విడిగా 10 లక్షల ఆరోగ్య పాలసీ తీసుకోండి. ఈ వయసుకు ప్రీమియం భారం కాదు, పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమాల మీద జీఎస్టీ కూడా లేదు. దాంతోపాటు వ్యక్తిగత ప్రమాద బీమా ఉండాలి. కాలు కట్టుతో మంచం మీద ఉన్నన్నాళ్లూ వారానికి ఇంత అని ఇచ్చే క్లాజ్ ఉన్నదే చూడండి. ఇక్కడే ఒక మెలిక ఉంది. చాలా ప్రమాద బీమాల్లో ‘ప్రొఫెషనల్ క్రీడల్లో తగిలిన గాయాలు వర్తించవు’ అని మినహాయింపుల్లో ఉంటుంది. అందుకే ఫారంలో ‘ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ ఆటగాడు’ అని స్పష్టంగా రాయించండి. మ్యాచ్‌లో గానీ ప్రాక్టీసులో గానీ తగిలిన గాయానికి క్లెయిం ఇస్తారా అని కంపెనీకి మెయిల్ పెట్టండి. నోటిమాట లెక్కలోకి రాదు, జవాబు మెయిల్‌లోనే రావాలి, దాన్ని ప్రింటు తీసి పాలసీతో పెట్టండి. ఇవ్వం అంటే ఇంకో కంపెనీని అడగండి. ప్రీమియం ఎక్కువ చెబితే కట్టండి, కారు డౌన్ పేమెంటుకు అనుకున్న డబ్బులో అది ఏపాటి?

అమెరికా సంగతి అడిగారు కదా. ఆంటోయిన్ వాకర్ అనే ఆటగాడు 1996లో, 20 నిండకముందే కెంటకీ యూనివర్సిటీ చదువు మధ్యలో వదిలి అక్కడి పెద్ద బాస్కెట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌బీఏలోకి వచ్చాడు. జట్లు ఏటా కొత్త ఆటగాళ్లను వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో బోస్టన్ సెల్టిక్స్ జట్టు అతన్ని ఆరో ఎంపికగా తీసుకుంది. 2006లో మయామీ హీట్‌తో చాంపియన్ అయ్యాడు. ఆట మీద 10 కోట్ల డాలర్లకు పైగా సంపాదించాడు. 2010లో దివాలా పిటిషన్ వేశాడు. ఖరీదైన కార్లు, చుట్టూ చేరిన జనం సరే, అతన్ని ముంచింది ముఖ్యంగా షికాగో రియల్ ఎస్టేట్ కోసం చేసిన అప్పులు, వాటికి సొంతంగా పెట్టిన హామీ సంతకాలు. 2008లో మార్కెట్ పడిపోగానే బ్యాంకులన్నీ అతని మీదకు వచ్చాయి. చివరికి చాంపియన్ ఉంగరం కూడా అమ్మేశాడు. కారు లోన్ కాగితాల మీద మీరు పెట్టబోయేదీ అలాంటి హామీ సంతకమే. వాకర్‌కు 10 కోట్ల డాలర్లు ఉన్నాయి, మీకు ఉన్నది 24 వేల జీతం.

మన దేశం నుంచి వెళ్లిన సత్నాం సింగ్‌ను 2015లో, 19 ఏళ్ల వయసులో డల్లాస్ మావెరిక్స్ 52వ ఎంపికగా తీసుకున్నప్పుడు దేశమంతా పండగ చేసుకుంది. ఎన్‌బీఏ రెగ్యులర్ సీజన్‌లో అతను ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు, తర్వాత రెజ్లింగ్‌లోకి వెళ్లాడు. అది అతని తప్పు కాదు. ఏటా 60 మందికి మించి ఎంపిక చేయని చోట నిలదొక్కుకోవడం అంత కష్టం. మన దగ్గర 2015లో యూబీఏ అనే బాస్కెట్‌బాల్ లీగ్ మొదలైంది, హైదరాబాద్ స్కై అనే జట్టు కూడా ఉండేది. 2017 తర్వాత అది జరగలేదు. కుర్రాళ్ల కోసం ఎన్‌బీఏ తన కింది స్థాయి లీగ్ అయిన జీ లీగ్‌లో 2020లో పెట్టిన ఇగ్నైట్ జట్టునే 2024లో మూసేశారు. కాబట్టి రెండో సీజన్ 6 లక్షలు మీ చేతికి వచ్చేవరకూ రాలేదనే లెక్క వేసుకోండి.

జట్టు కాంట్రాక్టు మీద ఇంకా సంతకం పెట్టకపోతే, ముందు దాన్ని ఒక లాయరుకు చూపించండి, రెండు మూడు వేలు ఖర్చైనా ఫరవాలేదు. గాయపడితే ఆ సీజన్ మిగతా విడతలు ఇస్తారా, ఆపరేషన్ ఖర్చు ఎవరిది, జట్టు మధ్యలో తీసేస్తే ఏమిస్తుంది, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. ఎన్‌బీఏలో మొదటి రౌండ్‌లో ఎంపికైన కొత్త ఆటగాళ్లకు మొదటి రెండేళ్ల డబ్బుకు గ్యారంటీ ఉంటుంది. మీ కాంట్రాక్టులో ఆ మాట లేకపోతే ‘రెండు సీజన్ల ఒప్పందం’ అన్నది పేరుకే.

డిగ్రీ ఆపొద్దు. అటెండెన్స్ ఇబ్బంది అయితే దూరవిద్యకు మారినా సరే, పూర్తి చేయాలి. రైల్వే స్పోర్ట్స్ కోటా ఓపెన్ ప్రకటనల్లో వయసు 18 నుంచి 25 మధ్య ఉండాలి, సడలింపు ఇవ్వరు. అందులో పై స్థాయి పోస్టులకు డిగ్రీ అడుగుతారు. మీవాడికి ఇంకా ఐదేళ్ల సమయం ఉంది. సికింద్రాబాద్‌లోని దక్షిణ మధ్య రైల్వే ప్రకటనలు చూస్తూ ఉండమనండి. ఆడిన ప్రతి టోర్నమెంటు సర్టిఫికెట్ ఒరిజినల్ భద్రంగా ఉంచాలి. లీగ్ ఆడుతూనే ఈ దారి కూడా తెరిచి ఉంచుకోవాలి.

టీడీఎస్ కింద పోయిన 60 వేలు పోయినట్టు కాదు. ఆదాయపు పన్ను కొత్త విధానంలో 12 లక్షల వరకూ ఆదాయానికి పన్ను లేదు కాబట్టి రిటర్న్ వేస్తే వెనక్కి వస్తాయి. వాటిని కూడా నిధిలోనే వేయండి. నిధి నిండాక, బీమా కాగితాలు చేతికి వచ్చాక రెండో సీజన్ డబ్బులోంచి షేర్ మార్కెట్ సూచీని అనుసరించే ఇండెక్స్ ఫండ్‌లో నెలకు ఐదారు వేల సిప్ పెట్టుకోవచ్చు. ప్లాటు గురించి అప్పు లేకుండా కొనగలిగిన రోజున ఆలోచించండి. ఆప్షన్స్, క్రిప్టో జోలికి అసలు వెళ్లనివ్వకండి. కారు కావాలనే ముచ్చట ఉంటే ప్రాక్టీసుకు వెళ్లడానికి సెకండ్‌హ్యాండ్ బైకు కొనివ్వండి, దానికి పూర్తి డబ్బు కట్టి.

15వ తేదీ వరకూ ఆగకండి. వెంచర్ వాళ్లకు ఈ రోజే ఫోన్ చేసి అడ్వాన్సు ఇవ్వడం లేదని చెప్పండి. షోరూంలో కాంట్రాక్టు కాపీ ఇచ్చి ఉంటే అది వెనక్కి తెచ్చుకోండి.