చుక్కాని చక్రం, దారి నిలకడ

సందేహం: వెనక చక్రంతో మలుపు తిప్పే రికంబెంట్ ట్రైసైకిల్ మీద వ్యాసం రాస్తున్నాను. స్టీరింగ్‌కు 'చుక్కాని', స్టెబిలిటీకి 'స్థిరత్వం' అనవచ్చా? బండిని 'శయన త్రిచక్రిక' అంటే బాగుంటుందా?

సమాధానం: 'శయన త్రిచక్రిక' అంటే అదేదో పడుకుని నిద్రపోయే బండి అనుకుంటారు. వీపు వెనక్కి వాల్చి, కాళ్లు ముందుకు చాపి తొక్కేది కాబట్టి 'పడక్కుర్చీ సైకిల్' అనండి. మూడు చక్రాలని పక్కన చెబితే చాలు.

అరబ్బీ 'సుక్కాన్' మన దగ్గర చుక్కాని అయింది. కారు స్టీరింగ్‌కు అది అతకదు గానీ మీ బండికి చక్కగా సరిపోతుంది. చుక్కాని ఉండేది పడవ తోకలో. పడవ కుడికి తిరగాలంటే తోక ఎడమకు జరగాలి. మీ బండీ అంతే. ఎడమ పక్క గోడకు ఆనించి ఆపారనుకోండి, కుడికి తిప్పి బయటపడబోతే వెనక చక్రం గోడ వైపు జరుగుతుంది. టైర్ల వరికోత మిషన్ గట్టు దగ్గర తిరగడం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు, దానికీ తిరిగేవి వెనక చక్రాలే. అయితే చేతిలో ఉండేది హ్యాండిలే. తిరిగే చక్రాన్ని మాత్రం 'చుక్కాని చక్రం' అనండి.

అసలు చిక్కు స్టెబిలిటీతోనే. అందులో రెండు సంగతులున్నాయి: బోల్తా పడకపోవడం, తిన్నగా పోవడం. మొదటిదానికి స్థిరత్వం సరే. రెండోదానికి 'నిలకడ' కావాలి. రోగి పరిస్థితి నిలకడగా ఉందంటే ఉన్నది ఉన్నట్టే సాగుతోందనేగా! అమెరికన్ ఆవిష్కర్త బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ 1933లో తయారు చేయించిన డైమాక్సియన్ కారుకు మూడే చక్రాలు, తిరిగేది వెనకది. వేగం పెరిగినా, పక్కగాలి కొట్టినా దాన్ని అదుపులో పెట్టడం కష్టమయ్యేది. లోపం దారి నిలకడలో ఉంది. దాన్ని 'అస్థిరం' అని ఊరుకుంటే పాఠకుడు బోల్తా గురించే ఆలోచిస్తాడు.

దారి నిలకడ లోపానికి కారణం రాసేటప్పుడు 'ట్రెయిల్' తప్పదు. మలుపులో చక్రం ఏ కడ్డీ మీద పక్కకు మళ్లుతుందో దాని గీతను నేల దాకా పొడిగిస్తే, టైరు నేలను తాకే చోటు దానికి ఎంత వెనక ఉందో ఆ దూరం. ముందు చక్రానికి ఈ దూరం ఉంటే మలుపులో నేల ఒత్తిడి చక్రాన్ని తిన్నగా చేస్తుంది. అదే దూరం వెనక చక్రానికి ఉంటే మలుపును ఇంకా బిగిస్తుంది, హ్యాండిల్‌ను పట్టి ఆపాల్సి వస్తుంది. దీన్ని 'వెనకబాటు' అందామంటే జిల్లాల మీద సంపాదకీయంలా వినిపిస్తుంది. ట్రెయిల్ అనే ఉంచి, ఒక బొమ్మ వేయండి.