వెనక వరసలో నాలుగో మనిషి

చిరంజీవికి,

నీ వ్యాసంతో పంపిన గ్రూపు ఫొటో, దాని కింద రాసిన పేర్లు చూశాను. పేర్లు 14, తలలు 15. ముందు లెక్క సరిచూడు. ఒక్క పేరు జారితే ఆ వరసలో తర్వాతి వాళ్లందరి పేర్లూ పక్కవాళ్ల మీదికి పోతాయి. పాత క్యాప్షన్లలో తరచూ జరిగే తప్పు ఇదే. "ఎడమ నుంచి" అన్నది చూసేవాళ్ల ఎడమో, ఫొటోలో ఉన్నవాళ్ల ఎడమో కూడా తేల్చుకో.

ఫొటోలో ఎవరెవరో గుర్తుపట్టే పని మొదలుపెట్టాల్సింది ముఖాలతో కాదు, తేదీతో. ఫొటోని రెండు వైపులా, అది అతికించిన అట్టతో సహా స్కాన్ చెయ్యి. చిన్న ప్రింటుకి కనీసం 600 డీపీఐ (అంగుళానికి చుక్కల లెక్క) పెట్టి, నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా దాచు. అట్ట కొలిచి చూడు. సుమారు 2½ బై 4 అంగుళాలుంటే 1854లో పేటెంట్ అయిన కార్ట్ ద విజిట్ (విజిటింగ్ కార్డు పేరుతో వచ్చిన చిన్న అట్ట ఫొటో) రకం, 4¼ బై 6½ ఉంటే 1860ల్లో వచ్చిన, దానికంటే పెద్దదైన కేబినెట్ కార్డు. వెనక స్టూడియో ముద్ర ఉంటే, ఆ చిరునామాలో అది ఏయే ఏళ్లలో ఉండేదో పాత డైరెక్టరీల్లో వెతుకు. ఎవరి ఛాతీ మీదైనా పతకం ఉందా? దాన్ని నెలకొల్పిన ఏడాదికి ముందు ఆ ఫొటో తీసే వీల్లేదు. ఇలా అటూ ఇటూ హద్దులు దొరికితే, అప్పటికే పోయినవాళ్లూ ఇంకా పసివాళ్లుగా ఉన్నవాళ్లూ జాబితాలోంచి వాళ్లంతట వాళ్లే తప్పుకుంటారు.

వెనక రాసిన పేర్లను నమ్మే ముందు సిరా చూడు. బాల్‌పెన్నులు బజార్లోకి విరివిగా వచ్చింది 1940ల్లో. 1910 నాటి ఫొటో మీద బాల్‌పెన్ను రాత ఉంటే, మూడు దశాబ్దాల తర్వాతెప్పుడో ఎవరో జ్ఞాపకం మీద రాశారన్నమాట. అబద్ధమనను గానీ, ఆ సాక్ష్యం బరువు తగ్గుతుంది.

ఇక ముఖాలు. మీసం, కళ్లజోడు, ఒళ్లు, జుట్టు అన్నీ మారేవే. చెవిని చూడు: తమ్మె చెంపకి అతుక్కుందా, వేలాడుతోందా, అంచు మడత ఎలా ఉంది? ఒకే కోణంలో తల పెట్టిన ఫొటోలతోనే పోల్చు. రంగుని మాత్రం నమ్మకు. ఫిల్ముకి బదులు వాడిన పాత ఫొటో ప్లేట్లు నీలాన్ని తెల్లగా, ఎరుపుని నల్లగా పట్టేవి. అందుకే నీలికళ్లు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. టిన్‌టైప్ (పల్చటి ఇనప రేకు మీద నేరుగా తీసిన ఫొటో) అయితే బొమ్మే అద్దంలోలా తిరగబడి ఉంటుంది కాబట్టి పాపిడి, ఉంగరం, బొత్తాలు అన్నీ ఎదురుపక్కన ఉంటాయి. తిరిగే కెమెరాతో తీసిన పొడవాటి గ్రూపు ఫొటోల్లో మరో తమాషా: కెమెరా ఇటు తిరిగేలోపు వెనకనుంచి పరుగెత్తి ఒకే కొంటెవాడు రెండు చివర్లా కనిపించవచ్చు. కవలలని రాసేయకు!

ముఖాలు పోల్చే సాఫ్ట్‌వేర్ అన్నదమ్ముల్ని, తండ్రీకొడుకుల్ని కలిపేస్తుంది. అది చెప్పింది సూచన వరకే. పెద్దవాళ్లని "ఈయన ఫలానా ఆయనేనా?" అని అడిగావో, మొహమాటానికైనా ఔననేస్తారు. ఫొటో ప్రింటు తీసి, దాని మీద ట్రేసింగ్ కాగితం పరిచి తలల గీతలు గీసి అంకెలు వెయ్యి. ఒక్కొక్కరికీ విడిగా చూపించు. ఎవరు, ఏ రోజు, ఏ అంకెకి ఏ పేరు చెప్పారో రాసుకో.

1945 ఫిబ్రవరి 23న జపాన్‌లోని ఇవో జిమా దీవి మీద ఆరుగురు అమెరికన్ సైనికులు జెండా ఎత్తుతున్న ఫొటోని లోకమంతా చూసింది. అయినా అందులో పేర్లని 1947లో, 2016లో, 2019లో సరిదిద్దాల్సి వచ్చింది, ప్రతిసారీ ఒక పేరు తీసి మరొకటి పెట్టి. ముఖాలు సరిగా కనపడని ఆ ఫొటోలో దారి చూపినవి అదే రోజు తీసిన వేరే ఫొటోలు, ఫిల్ము, వాటిలోని హెల్మెట్లూ సామాన్లూ. నీ గుంపుని కూడా అదే సందర్భంలో ఇంకెవరైనా తీశారేమో వెతుకు.

క్యాప్షన్‌లో అన్ని పేర్లకీ ఒకే ధీమా వద్దు. పత్రాలతో రుజువైనవి మామూలుగా రాయి, పోలికతో చెప్పినవాటి ముందు "బహుశా" పెట్టు, మిగతావాటికి "గుర్తించలేదు" అను. వెనక వరసలో నాలుగో మనిషికి నువ్వు పెట్టిన పేరుకి ఆధారమేమిటో నాకు రాయి. లేకపోతే పేరు కొట్టేసి అంకె ఉంచు.