అంచనాల పుస్తకం నలుగురూ కలిసి ఎలా రాయాలి?

రాయగడలో నలుగురు మిత్రులు వారానికోసారి కూర్చుని, తమ అంచనాలు ఎంతవరకు నిజమవుతున్నాయో చూసుకోవాలంటే ఎలా మొదలుపెట్టాలని అడిగారు. ఒక నోటుబుక్కు చాలు.

ఒక్కొక్కరూ వారానికి ఐదు అంచనాలు రాయండి: విషయం, గడువు, నమ్మకం ఎంత శాతం. "బండి లేటవుతుంది" అని రాస్తే తర్వాత వాదన తప్పదు. "ఈ ఆదివారం విశాఖ నుంచి వచ్చే పాసింజరు రాయగడకు అరగంటకు మించి ఆలస్యంగా చేరుతుంది, 70 శాతం" అని రాయండి. ఎవరు చూసినా తీర్పు ఒకటే రావాలి. పక్కవాళ్లది వినకముందే ఎవరిది వాళ్లు రాసేయాలి, ఇది మాత్రం వదలొద్దు. లేదంటే వయసులో పెద్దాయన చెప్పిన అంకె చుట్టూనే అందరూ చేరిపోతారు.

లెక్కకు 1950లో వాతావరణ శాస్త్రవేత్త గ్లెన్ బ్రయర్ ఇచ్చిన పద్ధతి బాగుంటుంది. జరిగితే 1, జరగకపోతే 0. మీ శాతాన్ని దశాంశంగా మార్చి (70 శాతం అంటే 0.7), దానికీ ఈ అంకెకూ తేడా తీసి వర్గం చేయండి, అంటే ఆ తేడాను దానితోనే గుణించండి. 0.7 అన్నది జరిగితే 0.09, జరగకపోతే 0.49. సగటు ఎంత తగ్గితే అంత మంచిది. అన్నిటికీ 50 శాతం రాసేవారికి 0.25 వస్తుంది, అది దాటారంటే, ఏమీ తెలియదని ఒప్పుకున్నవాళ్లకన్నా వెనకబడ్డట్టే.

90 శాతం అన్నవి కనీసం 20 పోగయ్యాక చూడండి, 18 దాకా నిజమవ్వాలి. రెండు మూడు వారాల లెక్కతో ఎవరినీ తక్కువ చేయకండి.